కొండకి కావాల్సింది కాళ్ళు కాదు, సెలవులు

మోపిదేవి సుబ్బారాయుడు హిమవంతుడికి స్వయానా కూతురి కొడుకు. తాతగారి ఆస్తి ఉత్తరాన అంత ఉండగా, ఆయన వచ్చి కనుచూపుమేరలో ఒక్క గుట్ట కూడా లేని దివిసీమలో, పుట్టలో వెలిశాడు. మా వైపు ఎత్తు అంటే కృష్ణ కరకట్ట, పులిగడ్డ వారధి, తుఫాను షెల్టరు డాబా. అంతే. సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్లు కూడా ఉండని నేల అది.

అలాంటి చోట పుట్టి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంప్యూటరు ముందు కూచుని బతికే జనం ఇప్పుడు గుంపులు గుంపులుగా హిమాలయాలకి బయల్దేరుతున్నారు. మంచిదే. రోజుకి పది గంటలు కుర్చీకి అంటుకుపోయే వాళ్ళు ఏడాదికో వారం కొండలెక్కితే నాకేం అభ్యంతరం? పైగా సంతోషం. నా గొడవల్లా ఎవరైనా "ఏ ట్రెక్కుకి వెళ్ళాలి, ఎలా తయారవ్వాలి" అని అడిగినప్పుడు వచ్చే సలహాలతోనే. రోజూ అయిదు కిలోమీటర్లు పరిగెత్తు, జిమ్ముకెళ్ళు, మంచి బూట్లు కొను, డౌన్ జాకెట్ అద్దెకి దొరుకుతుంది... ఇలా సాగుతాయి. ఇందులో ఏదీ తప్పు కాదు. కానీ అసలు విషయం ఇందులో లేదు.

ఎత్తు మీద మనిషిని దెబ్బతీసేది ఎత్తు ఒక్కటే కాదు, ఆ ఎత్తుకి చేరిన వేగం. ఇది నేను కనిపెట్టింది కాదు. రెండు వేల ఏళ్ళ చరిత్రలో చాలామంది చచ్చిపోయి మనకి నేర్పిన పాఠం. ఆ చరిత్ర తెలిస్తే ట్రెక్కు ఎంచుకోవటం దానంతటదే తేలికవుతుంది. అందుకే ఈ టపా.

ముందు కాస్త సైన్సు. గాల్లో ఆక్సిజన్ వాటా హంసలదీవిలో ఎంతో ఎవరెస్ట్ మీదా అంతే, సుమారు 21 శాతం. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్‌లో అది సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో సుమారు మూడింట రెండొంతులు. 5,500 మీటర్ల దగ్గర సగం. అంటే ఒక్కో ఊపిరికి లోపలికెళ్ళే ఆక్సిజన్ కూడా ఆ మేరకి తగ్గుతుంది. ఒంటికి దీన్ని సర్దుకునే తెలివి ఉంది. ఊపిరి వేగం వెంటనే పెరుగుతుంది. దానివల్ల రక్తంలో మారిన ఆమ్ల, క్షారాల తూకాన్ని కిడ్నీలు సరిచెయ్యటానికి రోజులు పడుతుంది. ఎర్రకణాలు పెరగటానికి వారాలు పడుతుంది. ఈ పనుల్ని ఓవర్‌టైం చేయించి ముందే ముగించే మేనేజరు ఇంతవరకూ పుట్టలేదు. తొమ్మిది మంది ఆడవాళ్ళని పెట్టి ఒక్క నెలలో బిడ్డని కనలేం అని మన ఫీల్డులో ఒక పాత జోకుంది కదా, అదే సూత్రం.

ఈ సంగతి మొదట రాసిపెట్టిన వాళ్ళలో చైనావాళ్ళున్నారు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో హాన్ రాజుల కొలువులో ఒక అధికారి పడమటి దారుల గురించి చెప్తూ "పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ" అని రెండు కొండల పేర్లు చెప్పాడు. అక్కడికెళ్తే మనుషులకి ఒళ్ళు కాలటం, ముఖం పాలిపోవటం, తలనొప్పి, వాంతులు. గాడిదలకీ పశువులకీ కూడా ఇంతేనట. కొండకి తలనొప్పి అని పేరు పెట్టారంటే ఎంతమంది అనుభవించి ఉంటారో చూడండి.

క్రీ.శ. 630 ప్రాంతంలో హ్యూయన్‌త్సాంగ్ తియాన్‌షాన్ మంచుకొండలు దాటాడు. ఏడు రోజులు పట్టింది. ఆయన బృందంలో పదిమందికి ముగ్గురు నలుగురు చొప్పున చలికీ ఆకలికీ చనిపోయారని ఆయన జీవితచరిత్ర చెప్తుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆయన మన ధాన్యకటకం దాకా వచ్చాడు. మోపిదేవికి దగ్గర్లోనే ఉన్న ఘంటసాల కూడా బౌద్ధ క్షేత్రమే. కృష్ణ ఒడ్డున కూచుని ధర్మశాస్త్రం చర్చించిన ఆ మనిషి, ఎంతమందిని మంచులో వదిలేసి వచ్చాడో అని అనిపిస్తుంది నాకు.

సరే, మనవాళ్ళ సంగతికొద్దాం. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అని సామెత. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు పెద్ద పరివారంతో, పల్లకీలు పెట్టుకుని కూడా కాశీయాత్ర పూర్తి చెయ్యటానికి పదిహేను నెలలు పట్టింది. ఆయన హిమాలయాలెక్కలేదు, అది వేరే సంగతి. బదరీ, కేదారం వెళ్ళే తెలుగువాళ్ళు అంతకంటే ఎక్కువ రోజులే నడవాల్సి వచ్చేది. రైళ్ళు వచ్చాక హరిద్వారం దాకా ప్రయాణం తేలికైంది. కానీ అక్కణ్ణుంచి బదరీనాథ్ మూడొందల కిలోమీటర్ల పైమాటే. రోజుకి పదిహేను కిలోమీటర్లు నడిచినా ఇరవై రోజులు. దారిలో చట్టీల్లో వండుకు తినటం, కాళ్ళు వాస్తే ఒక పూట ఆగటం, మళ్ళీ నడక.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గుడి ఎత్తు సుమారు 3,100 మీటర్లు. ఇరవై రోజుల్లో నింపాదిగా అక్కడికి చేరిన మనిషికి ఇవాళ్టి డాక్టర్లు చెప్పే ఎత్తు సర్దుబాటు పూర్తిగా జరిగిపోయి ఉంటుంది. ఆ పాతకాలపు మనిషికి ఆక్సిజన్ గురించి తెలీదు. జాకెట్ లేదు, ట్రెక్కింగ్ కర్ర లేదు. ఆయన్ని విరేచనాలో, మలేరియానో, కొండచరియో చంపి ఉండొచ్చు గానీ ఎత్తు చంపే అవకాశం తక్కువ. ఆయన నిదానమే ఆయనకి మందు. 1962 యుద్ధం తర్వాత సరిహద్దు రోడ్లు వేశారు, కొన్నేళ్ళకి బస్సు బదరీనాథ్ గుడి దాకా పోయింది. కేదారనాథ్ గుడి ఇంకా ఎత్తు, 3,583 మీటర్లు. ఇప్పుడక్కడికి హెలికాప్టర్ నిమిషాల్లో చేరుస్తుంది. ఇరవై రోజుల మందుని మనం ఇరవై నిమిషాలకి కుదించేశాం. సౌకర్యం బాగా పెరిగింది. కిడ్నీలు మాత్రం వీరాస్వామయ్య గారి కాలంలో ఎలా పనిచేసేవో ఇప్పుడూ అలాగే పనిచేస్తున్నాయి.

వేగం ఏం చేస్తుందో అన్నిటికన్నా ఘోరంగా చూపించింది ఒక బెలూన్. 1875 ఏప్రిల్ 15న పారిస్‌లో "జెనిత్" అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్ళు ఎగిరారు. ఎనిమిది వేల మీటర్లు దాటారు. వాళ్ళ దగ్గర ఆక్సిజన్ సంచులు ఉన్నాయి! చెయ్యి చాపి గొట్టం నోట్లో పెట్టుకుంటే చాలు. కానీ చెయ్యి లేవాల్సిన టైముకి లేవలేదు. ఇద్దరు చనిపోయారు. మూడో ఆయన, టిసాందియే, బతికి వచ్చి, ఆ సమయంలో తనకి భయం గానీ బాధ గానీ లేవనీ, పైగా ఆనందంగా అనిపించిందనీ రాశాడు. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మొదట దెబ్బతినేది, తక్కువైందని గుర్తుపట్టాల్సిన మెదడే. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ని అదే సర్వర్ మీద పెడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా. సర్వర్ పడిపోయినప్పుడు అలర్ట్ రాదు. అందుకే కొండ మీద "నాకేం కాలేదు, బానే ఉన్నా" అనే మాటకి విలువ లేదు. పక్కవాడు చూసి చెప్పాలి. ఈ దుర్ఘటన జరిగిన మూడేళ్ళకి, 1878లో, ఆ ముగ్గురికీ సలహాదారుగా ఉన్న పాల్ బేర్ అనే శాస్త్రవేత్త తన పెద్ద పుస్తకం అచ్చువేశాడు. కొండజబ్బుకి కారణం తక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ చాలకపోవటమే అని ప్రయోగాలతో తేల్చింది ఆయనే.

మన దేశానికి ఈ పాఠం 1962లో వచ్చింది. చైనాతో యుద్ధం. మైదానాల నుంచి సైనికుల్ని హడావుడిగా లడఖ్ లాంటి చోట్లకి పంపారు. వాళ్ళు కుర్రాళ్ళు, గట్టివాళ్ళు, రోజూ కవాతు చేసేవాళ్ళు. ఫిట్‌నెస్‌లో మన జిమ్ము వీరులు వాళ్ళ దరిదాపులకి రారు. అయినా వందల మంది జబ్బుపడ్డారు. తలనొప్పి, వాంతులతో మొదలై కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కొందరికి మెదడు వాచింది. ఆర్మీ డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల వివరాలతో 1969లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. పైకి చేరిన 6 గంటల నుంచి 96 గంటల లోపు లక్షణాలు బయటపడ్డాయని అందులో ఉంది. ప్రపంచంలో ఈ జబ్బు గురించి రాసే డాక్టర్లు ఇప్పటికీ తలుచుకునే పత్రం అది. ఎత్తు ప్రాంతాలకి పంపేముందు మన సైన్యం పాటించే పద్ధతి చూడండి. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, ఆపైన 15,000 దాకా నాలుగు రోజులు, ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు. మొత్తం పధ్నాలుగు. జవానుకి పధ్నాలుగు రోజులు ఇచ్చే చోట, జావా ప్రోగ్రామరు శనివారం లేహ్‌లో విమానం దిగి మంగళవారానికి ఖార్‌దుంగ్ లా మీద ఫొటో దిగాలంటాడు :-)

సరదా కోసం నడిచేవాళ్ళ మీద లెక్కలు నేపాల్ నుంచి వచ్చాయి. 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో లుక్లాలో విమానం దిగే చోటు తయారైంది. ఆసుపత్రి కట్టడానికి సామాను చేరవెయ్యాలన్నది ఆయన ఉద్దేశం. సరిగ్గా అదే కాలంలో జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ గూర్ఖా అధికారి డబ్బులు తీసుకుని జనాన్ని కొండల్లో నడిపించే కంపెనీ మొదలుపెట్టాడు. ఇవాళ మనం ప్యాకేజీ ట్రెక్కు అంటున్నది అక్కడ పుట్టిందే. గుడారం, వంటవాడు, గైడు, కూలీలు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. విమానం, ప్యాకేజీ కలిశాయి. అంతకుముందు ఖాట్మండు వైపు నుంచి రెండు వారాలు నడిచి వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఒక్క పొద్దున 2,800 మీటర్ల దగ్గర దిగటం మొదలైంది.

ఫలితం ఏమిటి? పీటర్ హ్యాకెట్ అనే అమెరికన్ డాక్టర్, మరికొందరు కలిసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో 4,243 మీటర్ల ఎత్తున ఉన్న ఫెరిచే అనే ఊళ్ళో కూచుని 278 మంది ట్రెక్కర్లని పరీక్షించారు. 1976లో ఫలితాలు వచ్చాయి. 53 శాతం మందికి కొండజబ్బు లక్షణాలున్నాయి. విమానంలో వచ్చినవాళ్ళకి, వేగంగా ఎక్కినవాళ్ళకి, దారిలో తక్కువ రాత్రులు గడిపినవాళ్ళకి ఎక్కువ వచ్చింది. ఇంకా వినండి. పెద్దవాళ్ళ కన్నా కుర్రాళ్ళకి ఎక్కువ వచ్చింది. మోసిన బరువుకీ జబ్బుకీ సంబంధం లేదు. ఆడా మగా తేడా లేదు. అంతకుముందు కొండలెక్కిన అనుభవానికీ సంబంధం లేదు!

నా ఉద్దేశంలో ప్రతి ట్రెక్కింగ్ కంపెనీ తన ప్రకటన కింద అచ్చువెయ్యాల్సిన వాక్యాలివి. పోయినేడాది కేదార్‌కంఠ ఎక్కాను కాబట్టి ఈ ఏడాది నాకేం కాదు అనుకోవటానికి లేదు. నువ్వు ఇరవై అయిదేళ్ళ మారథాన్ వీరుడివి కావచ్చు, నీ పక్కన నడుస్తున్నది యాభై అయిదేళ్ళ బ్యాంకు మేనేజరు కావచ్చు. ఆయన మెల్లిగా నడుస్తున్నాడు కాబట్టి ఆయనే క్షేమంగా చేరొచ్చు.

మన తెలుగువాళ్ళలో అసలైన పర్వతారోహకులు ఎలా తయారయ్యారో కూడా చూద్దాం. 1985లో భారత సైన్యం ఎవరెస్ట్‌కి పంపిన బృందంలో అయిదుగురు అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో ఒకరు లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ పూర్వ విద్యార్థి. ఆ స్కూల్లో ఆయన విగ్రహం పెట్టారు. అదే స్కూల్లో చేరిన నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం కుర్రాడు ఒకడు ఆ విగ్రహం చూసి కొండల మీద మనసు పెట్టుకున్నాడు. అతనే మల్లి మస్తాన్‌బాబు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలకత్తా ఐఐఎం. అంటే అచ్చంగా మన బాపతు మనిషి. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కాడు. మే 21న ఎవరెస్ట్ మీద ఉన్నాడు. ఆ 172 అంకె చూసి వేగం అనుకుంటాం. దాని వెనక ఏళ్ళ తరబడి కొండల్లో గడిపిన కాలం ఉంది, అది రికార్డులో కనబడదు. అంతటివాడూ 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఆండీస్ కొండల్లో ఒంటరిగా వెళ్ళి వాతావరణం తిరగబడి తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. ఎంత తయారైనా కొండ దగ్గర మన చేతిలో లేనిది కొంత మిగిలే ఉంటుంది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. తోడు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పత్రికలన్నీ వయసు గురించి రాశాయి. నాకు మాత్రం వాళ్ళ శిక్షణ వరసే ముఖ్యం అనిపించింది. ముందు భువనగిరి బండ. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ. తర్వాత చలికాలంలో లడఖ్. ఆ తర్వాతే ఎవరెస్ట్. ఒక్క మెట్టూ దాటెయ్యలేదు. బేస్ క్యాంపులో కూడా వారాల తరబడి పైకెళ్ళి కిందికి రావటమే పని.

ఇంత చరిత్ర చెప్పుకున్నాక ట్రెక్కు ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

1. శిఖరం ఎత్తు కాదు, పడుకునే ఎత్తులు అడగండి. ఏ రాత్రి ఏ ఎత్తులో నిద్ర అనేది ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకోండి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ మధ్య 500 మీటర్ల కన్నా పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి అనేది డాక్టర్లు చెప్పే లెక్క. పగలు ఇంకొంచెం పైకెక్కి రాత్రికి దిగివస్తే ఇంకా మంచిది. ఒకే ట్రెక్కుని ఒకళ్ళు ఆరు రోజులకి, ఇంకొకళ్ళు ఎనిమిది రోజులకి అమ్ముతుంటే, ఆరు రోజులది చవక కాదు. ఆ రెండు రోజులూ మీ ఒంట్లోంచి కోసిన రోజులు.

2. ఎక్కడ మొదలవుతుందో చూడండి. విమానంలో లేహ్ వెళ్తే మొదటి రాత్రే 3,500 మీటర్లలో పడుకోవాలి, కాబట్టి నడక మొదలెట్టే ముందు అక్కడ రెండు మూడు రోజులు ఊరికే ఉండాల్సిందే. సిక్కింలో గోయెచాలా యుక్సోమ్ దగ్గర సుమారు 1,800 మీటర్లలో మొదలై నడకతోనే పైకి పోతుంది. ఆ ట్రెక్కు కష్టమైనదే, కానీ దారి న్యాయంగా ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కేదార్‌కంఠ (3,810 మీటర్లు), సాందక్‌ఫు (3,636 మీటర్లు) లాంటివి చాలు. యూత్ హాస్టల్స్ వాళ్ళ సార్‌పాస్ ట్రెక్కులో బేస్ క్యాంపులో అలవాటు పడటానికి రోజులు కేటాయిస్తారు. అక్కడ విసుగ్గా ఉంటుందని సణిగేవాళ్ళుంటారు. ఆ విసుగే మందు.

3. దిగే దారి చూడండి. కొండజబ్బు ముదిరితే అసలైన వైద్యం ఒక్కటే, కిందికి దిగటం. కేదార్‌కంఠ లాంటి చోట వెనక్కి తిరిగితే చాలు, ప్రతి అడుగూ దిగుడే. హంప్తా లాంటి కనుమ (సుమారు 4,270 మీటర్లు) దాటే ట్రెక్కుల్లో, కనుమ దాటాక వెనక్కి రావాలంటే మళ్ళీ ఎక్కి దిగాలి. మొదటి ట్రెక్కుకి అటువంటిది వద్దని నా సలహా.

4. చేతిలో రెండు రోజులు మిగుల్చుకోండి. సోమవారం పొద్దున రిలీజ్ ఉందని ఆదివారం రాత్రి ఫ్లైట్ బుక్ చేసుకున్నవాడు, గురువారం తలనొప్పి వస్తే దాచిపెడతాడు. అబద్ధం చెప్పించేది కొండ కాదు, రిటర్న్ టికెట్టు.

5. అమ్మానాన్నలని కైలాస యాత్రకి పంపేవాళ్ళూ ఇదే చూడాలి. 2020 నుంచి ఆగిపోయిన ప్రభుత్వ యాత్ర 2025లో మళ్ళీ మొదలైంది. దాంట్లో ఢిల్లీలో వైద్య పరీక్షలు, లిపులేఖ్ దారిలో అయితే గుంజి దగ్గర మళ్ళీ పరీక్ష ఉంటాయి. తప్పినవాళ్ళని వెనక్కి పంపుతారు. చాలామందికి ఇది నచ్చదు. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో మంచుతుఫానుకి రెండు వందల నలభై మందికి పైగా పోయాక వేసిన కమిటీ కూడా సంఖ్యకీ వయసుకీ ఆరోగ్యానికీ హద్దులు పెట్టమనే చెప్పింది. నేపాల్ మీదుగా హెలికాప్టర్లలో వెళ్ళే దారిలో, 2018 జులైలో వాతావరణం బాగాలేక సిమికోట్, హిల్సాల్లో వెయ్యిమందికి పైగా మన దేశపు యాత్రికులు చిక్కుకుపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎగిరి వెళ్ళినచోట నుంచి ఎగిరే రావాలి, మబ్బు పడితే అంతే సంగతులు.

అన్నట్టు, రూప్‌కుండ్ గురించి అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు పచ్చికబయళ్ళలో రాత్రి బసని నిషేధించాక ఆ ట్రెక్కు పాత రూపంలో లేదు. ఆ సరస్సు అస్థిపంజరాల మీద మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు పాల్గొన్న డీఎన్ఏ పరిశోధన 2019లో వచ్చింది. 38 మందిలో 23 మంది మన ఉపఖండం వాళ్ళు, సుమారు క్రీ.శ. 800 నాటివాళ్ళు. 14 మంది మధ్యధరా సముద్రపు తూర్పు ప్రాంతం వాళ్ళు, 1800 ప్రాంతం నాటివాళ్ళు. ఇంకొకరు ఆగ్నేయాసియా మనిషి. అంటే ఒకే చోట వెయ్యేళ్ళ తేడాతో రెండు సార్లు జనం పోయారు. ముందు పోయినవాళ్ళ కథ తెలియకపోతే తర్వాతివాళ్ళకి అది పనికిరాదు.

ఇక తయారీ. కాళ్ళు అక్కర్లేదని నేననలేదు. కాళ్ళు గట్టిగా ఉంటే నడక హాయిగా ఉంటుంది, మోకాలు బతుకుతుంది. మూడు నెలల ముందు మొదలెట్టండి. మా దివిసీమలో ఉండేవాళ్ళకి కరకట్ట మీద నడక దమ్ము ఇస్తుంది గానీ ఎక్కుడు అలవాటు చెయ్యదు. మంగళగిరి మెట్లో, కొండపల్లి కొండో, హైదరాబాదు వాళ్ళయితే ఆఫీసు లిఫ్టు పక్కన ఎవరూ వాడని మెట్లో వాడుకోండి. వీపు మీద బరువు పెట్టుకుని ఎక్కండి, ముఖ్యంగా దిగండి. కొత్త బూట్లతో ముందే యాభై కిలోమీటర్లన్నా నడవండి. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. డయామాక్స్ వాడాలా వద్దా అనేది డాక్టరుని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే ఆ మాట తప్పకుండా చెప్పండి. అది సర్దుబాటుకి సాయం చేసే మందు, సర్దుబాటుకి బదులు కాదు. పైన మందు, నిద్రమాత్రలు వద్దు. ఇంకోటి, మీ బ్యాగు మోసే కూలీ కూడా అదే గాలి పీలుస్తాడు. అతనికి తలనొప్పి వచ్చిందా అని అడిగే అలవాటు చేసుకోండి.

పైన రోజూ సాయంత్రం నాలుగు ప్రశ్నలు. తలనొప్పి ఉందా, కడుపులో తిప్పుతోందా, నీరసంగా ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. తలనొప్పి ఉండి, మొత్తం మూడో ఆపైనో వస్తే కొండజబ్బు అనుకోవాల్సిందే. డాక్టర్లు వాడే లేక్ లూయీస్ స్కోరు ఇదే, 2018లో సవరించినది. ఆ స్కోరు ఉన్నవాడు ఇంకా పైకెక్కకూడదు, తగ్గకపోతే దిగాలి. తూలుతూ నడుస్తున్నా, కూచున్నా ఆయాసం తగ్గకపోయినా, రాత్రి అని చూడకుండా వెంటనే దింపాలి. మార్కులు ఎవరికి వాళ్ళు కాదు, పక్కవాడు వెయ్యాలి. జెనిత్ బెలూన్ గుర్తుంది కదా.

వెనక్కి తిరగటం ఓటమి అనే భావన మనవాళ్ళలో గట్టిగా ఉంది. దివిసీమ వాళ్ళకి మాత్రం ఇది వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు జనాన్ని ముందే కదిలించే ఏర్పాటు లేదు. పోయినవాళ్ళు పదివేల దాకా అని లెక్కలు. పదమూడేళ్ళ తర్వాత, 1990 మేలో, అంతే పెద్ద తుఫాను మళ్ళీ కృష్ణా డెల్టాకే వచ్చింది. ఈసారి లక్షన్నర మందిని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. సముద్రం మారలేదు, గాలి మారలేదు. సామాను వదిలేసి టైముకి కదలటం ఒక్కటే మారింది. ఇల్లూ గొడ్డూ గోదా వదిలి షెల్టరుకి నడిచిన ఆ మనుషుల్ని ఓడిపోయారని ఎవరూ అనలేదు. ఒక ఫొటో వదిలి కిందికి దిగటం అంతకన్నా కష్టమా?

కాబట్టి ట్రెక్కు వెతికేముందు లీవ్ బ్యాలెన్స్ వెతకండి. ఎన్ని రోజులు దొరుకుతాయో చూసుకుని, దాంట్లో ప్రయాణానికీ మిగులుకీ నాలుగు రోజులు తీసేసి, మిగిలినదాంట్లో పట్టే కొండని ఎంచుకోండి. అయిదు రోజులే దొరికాయా? అయిదు రోజుల కొండలు బోలెడున్నాయి. ఎనిమిది రోజుల కొండని అయిదు రోజులకి ఎవరైనా అమ్మితే మాత్రం కొనకండి.